కణం ఒక్కటే: కీళ్లవాతం, రోగనిరోధకత, వార్ధక్యం
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

కీళ్లవాతం ఉన్న మనిషికి రోజు మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన వేళ తెల్లవారుజాము. రాత్రి నిద్రలో బిగుసుకుపోయిన వేళ్లు లేచిన గంటకు గాని వంగవు, పిడికిలి పడదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేనేత ఇళ్లలో మగ్గం గుంటలోకి దిగిన మనిషికి నాడె చేతికి లొంగదు. పులివెందుల వైపు చీనీతోటల్లో కాయ కోసే కూలికి, శనక్కాయ చేలో చెట్టు పీకే ఆడమనిషికి పని మొదలయ్యే వేళకు చేతులు స్వాధీనంలో ఉండవు. ఈ జబ్బుకు నేడు ప్రపంచమంతటా వైద్యులు మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజు వేసుకునే పసుపుపచ్చ మాత్ర అది. కీళ్లవాతం కోసం పుట్టిన మందు కాదది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో, భీమవరంలో పుట్టిన ఒక తెలుగు వైద్యుడి నాయకత్వాన సాగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన దాని పుట్టిల్లు. ఆ వైద్యుడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం కడప జిల్లా వైద్యులు, నర్సులు, విజ్ఞానశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు, వారితో పాటు ఈ వ్యాధిని ఏళ్ల తరబడి మోస్తున్నవారూ కూడిన సభ కోసం సిద్ధమైనది. స్మారకోపన్యాసానికి రెండు ధర్మాలున్నాయి. గతించిన వ్యక్తి చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పడం మొదటిది. ఆ పని ఈనాటి జీవితాల్లో ఎక్కడ నిలిచి ఉందో చూపడం రెండోది. ఇక్కడ ప్రతిపాదించే విషయం ఒక్కటే: రక్తహీనత, రక్తకేన్సర్, కీళ్లవాతం, ముసలితనం అని వేర్వేరు పేర్లతో పిలిచే బాధలన్నిటికీ మూలంలో ఉన్నది కణమే. కణం ఎలా బతుకుతుందో తెలుసుకోవడానికి పడిన శ్రమ, ఏ రోగాన్ని మనసులో పెట్టుకుని మొదలైనా, ఆ రోగం దగ్గర ఆగిపోదు. సుబ్బారావు జీవితం ఈ మాటకు బలమైన సాక్ష్యం.

ఒకే పేరు కింద ఎన్నో జబ్బులు

వాతం అన్న మాట తెలుగు ఇళ్లలో చాలా విస్తృతమైనది. మోకాలు అరిగినా, నడుము పట్టినా, జ్వరం తగ్గాక ఒళ్లు నొప్పులు పెట్టినా వాతమనే అంటారు. ఆయుర్వేదం మాత్రం ఆమవాతాన్ని ప్రత్యేక రోగంగా గుర్తించింది. మాధవ నిదానంలో దానికి వేరుగా వర్ణన ఉంది. ఐరోపాలోనూ ఒకే పేరు కింద ఎన్నో జబ్బులు ఉండేవి. అక్కడి రుమాటిజం అన్న పేరు ‘ప్రవాహం’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. దేహంలో ఒక చెడు ద్రవం ప్రవహించి కీళ్లలో దిగుతుందని అప్పటివారి నమ్మకం. 1800లో పారిస్‌లో లాండ్రే-బోవే అనే వైద్యుడు గౌటుకు భిన్నమైన కీళ్లజబ్బును వర్ణించాడు. 1859లో లండన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారడ్ దానికి రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని పేరు పెట్టాడు.

ఈ పేరు వేరుపడటం వైద్యంలో పెద్ద అడుగు. వయసుతో, బరువుతో, పని ఒత్తిడితో మృదులాస్థి అరిగి వచ్చే మోకాలినొప్పి ఒక దారిది. అది సాయంత్రానికి పెరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం ఇంకో దారిది. అది విశ్రాంతిలో బిగుసుకుంటుంది, కదలికలో కొంత సడలుతుంది. వేళ్ల నడిమి కణుపులను, మణికట్లను, పాదాల చిన్న కీళ్లను రెండువైపులా ఒకేసారి పట్టుకుంటుంది. కీలు లోపలి పల్చని పొర వాచి, మందమై, ఎముకను కొరుకుతుంది. పురుషులకన్నా స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. మహారాష్ట్రలోని భిగ్వాన్ గ్రామంలోనూ, ఢిల్లీ పరిసరాల్లోనూ 1990లలో జరిగిన సర్వేలను బట్టి మన దేశంలో వెయ్యిమంది పెద్దవాళ్లలో అయిదు నుంచి ఏడుగురికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. ఆ లెక్కన ఒక మోస్తరు పల్లెలో కూడా అలాంటి ఇల్లు తప్పక ఉంటుంది.

కీళ్లనొప్పికీ రోగనిరోధకతకూ ఉన్న బంధాన్ని కడప జిల్లా స్వానుభవంతో చూసింది. 2005 చివర, 2006లో రాయలసీమ జిల్లాలను చికున్‌గున్యా చుట్టుముట్టింది. ఇంటిల్లిపాదీ మంచం పట్టిన పల్లెలు ఎన్నో. జ్వరం వారంలో తగ్గినా, చాలామందికి కీళ్లనొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి నిలిచాయి. పిల్లలు, పడుచువాళ్లు త్వరగా తేరుకుంటే నడివయసు దాటినవారు ఎక్కువకాలం బాధపడ్డారు. దోమ మోసుకొచ్చిన ఒక వైరస్, దానిని ఎదిరించిన దేహరక్షణ, ఆ రక్షణను నడిపే వయసు: ఈ మూడూ కలిసి ఒకే మోకాలిలో కనిపించాయి.

తనది, పరాయిది

రోగనిరోధకత అనగానే బలం గుర్తుకొస్తుంది. పందొమ్మిదో శతాబ్దం కూడా దాన్ని బలంగానే చూసింది. సూక్ష్మజీవులను మింగే కణాలను ఇల్యా మెచ్నికోవ్, విషాలను విరిచే ప్రతిరక్షకాలను పాల్ ఎర్లిక్ అధ్యయనం చేశారు. 1908 నోబెల్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు. అంత శక్తి ఉన్న ఆయుధం సొంత దేహం మీదికే తిరిగితే ఏమవుతుందన్న ప్రశ్న ఎర్లిక్‌కు వచ్చింది. అలాంటి ఆత్మహింసను దేహం సహించదని, దానిని అడ్డుకునే ఏర్పాటు ఏదో ఉండి తీరాలని ఆయన భావించాడు. ఆ ఏర్పాటు ఉన్నమాట నిజమే. అది అప్పుడప్పుడు తప్పుతుందన్నదీ నిజమేనని తరువాతి తరాలు తెలుసుకున్నాయి.

1940లో నార్వేకు చెందిన ఎరిక్ వాలర్ కీళ్లవాత రోగుల రక్తంలో ఒక వింత పదార్థాన్ని గమనించాడు. అది సొంత ప్రతిరక్షకాల మీదే దాడిచేసే ప్రతిరక్షకం. 1948లో అమెరికాలో హ్యారీ రోజ్ బృందం అదే విషయాన్ని విడిగా కనుగొంది. ఈనాటి ప్రయోగశాలల్లో ఆర్.ఏ. ఫ్యాక్టర్ పేరుతో జరిగే పరీక్ష అదే. 1950లలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు మెక్‌ఫార్లేన్ బర్నెట్ దీనికొక సిద్ధాంతం ఇచ్చాడు. దేహంలో లింఫోసైట్లనే తెల్లకణాలు లెక్కలేనన్ని రకాలుగా పుడతాయి. సొంత కణజాలాన్ని శత్రువుగా చూసే రకాలు మొదట్లోనే అణగిపోవాలి. అలా అణగనివి బతికి పెరిగితే స్వయం ప్రతిరక్షక వ్యాధి వస్తుంది. దీనిని బట్టి రోగనిరోధకతకు బలం ఎంత అవసరమో, తన పర భేదం తెలిసిన వివేకమూ అంతే అవసరం. కీళ్లవాతం బలహీనత వల్ల వచ్చిన జబ్బు కాదు. వివేకం తప్పిన బలం తెచ్చిన జబ్బు.

ఆ వివేకం ఎందుకు తప్పుతుందన్నదానికి ఒకే సమాధానం లేదు. కొందరికి వంశపారంపర్యంగా వచ్చిన హెచ్.ఎల్.ఏ. జన్యువుల్లో ఒక ప్రత్యేకమైన అమరిక ఉంటుందని 1987లో పీటర్ గ్రెగర్సన్ సహచరులు చూపారు. పొగతాగడం ఆ జన్యువులకు తోడైతే ముప్పు పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో వాపు కలిగినచోట మాంసకృత్తుల్లోని ఆర్జినైన్ సిట్రులిన్‌గా మారుతుంది. ఆ మారిన రూపాన్ని దేహం పరాయిదిగా లెక్కిస్తుంది. ఈనాడు వైద్యులు రాసే యాంటీ-సీసీపీ పరీక్ష ఈ గుర్తింపు తప్పిన ప్రతిరక్షకాలనే వెదుకుతుంది. వ్యాధి బయటపడటానికి ఏళ్ల ముందే అవి రక్తంలో కనిపించవచ్చు.

ధూళి కూడా ఈ కథలో భాగమే. 1953లో వేల్స్ బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల్లో, కీళ్లలో ఒకేసారి కనిపించిన వ్యాధిని ఆంథొనీ కాప్లాన్ వర్ణించాడు. సిలికా ధూళి పీల్చేవారిలో కీళ్లవాతం ముప్పు ఎక్కువని ఆ తరువాతి అధ్యయనాలు నిర్ధారించాయి. నాపరాతి గనులు, రాళ్ల పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాలకూ, ఒకప్పుడు రాతినార తవ్విన పులివెందుల ప్రాంతానికీ ఇది దూరపు సంగతి కాదు. సున్నపురాయి ధూళి అంతా సిలికా కాదు. రాతిలో క్వార్ట్జ్ పాలు ఎంత, పీల్చిన కాలం ఎంత అన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది. రాతి కోత దగ్గర నీళ్లు చల్లడం, ముక్కుకు సరైన తొడుగు కట్టడం ఊపిరితిత్తులతో పాటు కీళ్లనూ కాపాడే పనులు.

బంగారం నుంచి కార్టిజోన్ దాకా

కారణం తెలియని రోజుల్లో వైద్యం అనుభవం మీద, ఊహ మీద నడిచింది. విల్లో చెట్టు బెరడు నుంచి వచ్చిన సాలిసిన్‌ను 1876లో స్కాట్లండ్ వైద్యుడు థామస్ మక్లాగన్ కీళ్లవాత జ్వరానికి వాడి చూపాడు. 1899లో ఆస్పిరిన్ బజారులోకి వచ్చింది. రెండూ నొప్పిని తగ్గించాయి. ఎముకను కొరికే వాపును ఆపలేకపోయాయి.

పసిడిపురిగా పేరున్న ప్రొద్దుటూరు అంగళ్లలో మెరిసే బంగారానికి కూడా ఈ చరిత్రలో చోటుంది. బంగారు సైనైడ్ క్షయ క్రిమి పెరుగుదలను అడ్డుకుంటుందని 1890లో రాబర్ట్ కాక్ ప్రకటించాడు. కీళ్లవాతం కూడా క్షయ వంటిదేనని నమ్మిన ఫ్రెంచి వైద్యుడు జాక్ ఫోరెస్టియే 1929లో బంగారు లవణాలను సూదిమందుగా ఇచ్చాడు. ఆయన నమ్మకం తప్పు. ఫలితం మాత్రం నిజం. 1960 ప్రాంతంలో బ్రిటన్‌లో జరిగిన నియంత్రిత ప్రయోగం కూడా బంగారు సూదిమందుతో మేలు ఉందని తేల్చింది. దాదాపు అర్ధశతాబ్దం పాటు కీళ్లవాతానికి బంగారం ముఖ్యమైన మందుగా నిలిచింది. చర్మం, మూత్రపిండాలు, రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం దాని వెంటే ఉండేది.

1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం మంచం దిగలేని ఒక స్త్రీకి కార్టిజోన్ సూదిమందు ఇచ్చింది. కొద్దిరోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, ఎడ్వర్డ్ కెండాల్‌కు, తాడెయస్ రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆనందం వెనకే దాని వెల కూడా తెలిసింది. ఎముకలు పెళుసవడం, చక్కెరవ్యాధి, రక్తపోటు, క్రిములు సులువుగా పట్టుకోవడం, మందు మానగానే వ్యాధి తిరగబెట్టడం స్టెరాయిడ్ల నీడలు. వాపును అణచడం సాధ్యమేనని కార్టిజోన్ చూపింది. ఏళ్ల తరబడి, దేహాన్ని కూల్చకుండా అణచే మందు కోసం ఇంకా వెదకాల్సి వచ్చింది. ఆ మందు అప్పటికే ఒక సీసాలో ఉంది, వేరొక రోగం పేరుతో.

సుబ్బారావు: కణానికి తిండి, కణానికి శక్తి

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో ఖద్దరు శస్త్రచికిత్స దుస్తులు ధరించినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి రావలసి వచ్చింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుజబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కరిగిపోయే జబ్బు అది. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించాక, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోనూ మామగారి అండతోనూ 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు.

హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచ ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు నిలిచింది. ఆ కొలత చేతికొచ్చాక కండరంలో భాస్వరం ఏ రూపంలో దాగి ఉందో వెదకడం వీలైంది. 1927లో వారు ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఎ.టి.పి.ని వేరుచేశారు, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికీ, నరం పలకడానికీ, కణం విభజన చెందడానికీ శక్తినిచ్చే నాణెం ఎ.టి.పి. ఆ నాణెం నడుమ ఉన్న అడినోసిన్ అనే ముక్కను గుర్తుంచుకోవాలి. ఈ కథలో అది మళ్లీ వస్తుంది.

1940లో సుబ్బారావు న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, తరువాత పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన ముందున్న పెద్ద పని, కాలేయంలో దాగి రక్తహీనతను తగ్గించే పదార్థం ఏమిటో తేల్చడం. దాని వెనక భారతదేశంలోనే మొదలైన ఒక అన్వేషణ ఉంది. 1928 నుంచి బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్, గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని చూపింది. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి అలాంటి పదార్థాన్నే పిండి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట మీదుగా దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లెడర్లీలో సుబ్బారావు నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. టన్నుల ఆకుకూరల నుంచి చిటికెడు దొరికేది ఇప్పుడు సీసాల్లోకి వచ్చింది. సుబ్బారావు సోదరులను బలిగొన్న స్ప్రూకు కూడా అది మందయింది.

కణం విభజన చెందాలంటే కొత్త డి.ఎన్.ఏ. కావాలి. డి.ఎన్.ఏ. ఇటుకలు పేర్చడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. కణానికి ఆహారం ఏమిటో తెలిస్తే, ఆ ఆహారాన్ని ఆపే దారి కూడా తెలుస్తుంది. బోస్టన్ పిల్లల ఆస్పత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చినప్పుడు రక్తకేన్సర్ కణాలు మరింత విజృంభించాయని గమనించాడు. అయితే ఆ ఆమ్లాన్ని పోలి ఉంటూ కణాన్ని మోసగించే నకిలీ రూపం కావాలి. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్‌ను, తరువాత కొంచెం సౌమ్యమైన అమెథోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన నివేదికలో పదహారుమంది పిల్లల్లో పదిమందికి తాత్కాలికంగానైనా వ్యాధి వెనక్కు తగ్గింది. అంతవరకు పిల్లల్లో వచ్చే తీవ్ర రక్తకేన్సర్‌ను వెనక్కు తగ్గించగలిగిన మందు లేదు. ఆ అమెథోప్టెరిన్ తరువాతి పేరే మెథోట్రెక్సేట్.

ఏనుగుకాలు వ్యాధికి హెట్రజాన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోని లెడర్లీ నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. హెంచ్ తన మొదటి రోగికి కార్టిజోన్ ఇచ్చింది ఆ తరువాత ఆరు వారాలకే. కీళ్లవాత చరిత్రలో ఆ ఏడాది రెండు తలుపులు తెరుచుకున్నాయి. వాటిలో ఒకటి కీళ్లవాతానిదని అప్పటికి ఎవరికీ తెలియదు.

కేన్సర్ మందు కీళ్లకు చేరిన దారి

1951లో రిచర్డ్ గుబ్నర్, ఆయన సహచరులు ఒక తర్కం మీద నడిచారు. కీళ్లవాతంలో కీలు పొర విపరీతంగా పెరుగుతోంది. సోరియాసిస్‌లో చర్మం విపరీతంగా పెరుగుతోంది. పెరుగుదలను ఆపే అమినోప్టెరిన్ రెంటికీ పనికిరావచ్చు. కొద్దిమంది రోగుల్లో మేలు కనిపించింది. కానీ అవి కార్టిజోన్ వెలిగిపోతున్న రోజులు. కేన్సర్ మందును కీళ్లనొప్పికి ఇవ్వడానికి వైద్యులు వెనకాడారు. మూడు దశాబ్దాల తరువాత, 1985లో మైకేల్ వైన్‌బ్లాట్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించిన మెథోట్రెక్సేట్ నియంత్రిత ప్రయోగంతో పాటు మరికొన్ని అధ్యయనాలు సందేహాలను తీర్చాయి. 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి అనుమతించింది. సుబ్బారావు మరణించి అప్పటికి నలభై ఏళ్లు.

కేన్సర్‌కు గ్రాముల్లో కూడా ఇచ్చే ఈ మందును కీళ్లవాతానికి వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు మాత్రమే ఇస్తారు. ఇంత తక్కువ మోతాదు కణాల విభజనను ఆపడం వల్లనే పనిచేస్తోందని అనుకోవడం కష్టం. బ్రూస్ క్రోన్‌స్టైన్ తదితరుల పరిశోధన ఇంకొక దారిని చూపింది. మెథోట్రెక్సేట్ కణంలోకి చేరి ప్యూరిన్ల తయారీలో ఒక మెట్టును అడ్డుకుంటుంది. దాని వల్ల కణాల వెలుపల అడినోసిన్ పెరుగుతుంది. బయటికి విడుదలైన ఎ.టి.పి. వంటి అణువులే భాస్వరం ముక్కలు ఒక్కొక్కటీ తెగి అడినోసిన్‌గా మారతాయి. తెల్లకణాల మీద ఉన్న గ్రాహకాలకు ఆ అడినోసిన్ తగిలినప్పుడు అవి శాంతిస్తాయి. మెథోట్రెక్సేట్ పనిచేసే దారి ఇదొక్కటే కాకపోవచ్చు. ముఖ్యమైన దారుల్లో ఇదొకటి.

1929లో ఒక యువ రసాయనజ్ఞుడు కండరంలో శక్తి ఎక్కడుందో వెదుకుతూ ఎ.టి.పి.ని వేరుచేశాడు. 1940లలో ఆయనే రక్తహీనతకు మందు వెదుకుతూ ఫోలిక్ ఆమ్లానికీ దాని వ్యతిరేకికీ దారితీశాడు. ఆ వ్యతిరేకి నేడు కీలులో వాపును తగ్గిస్తున్నది ఆయన మొదట చూసిన అణువు నడిబొడ్డున ఉన్న అడినోసిన్ సాయంతో. ఇది కాకతాళీయంగా కనిపించవచ్చు. లోతుగా చూస్తే ఇది జరగక తప్పనిది. కణంలో శక్తికీ పెరుగుదలకూ రక్షణకూ వేర్వేరు రసాయనశాలలు లేవు. ఒకే పదార్థం అన్ని పనుల్లోనూ చేయి వేస్తుంది.

1990లలో లండన్‌లో రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్ కీలు పొరలో వాపును నడిపే టి.ఎన్.ఎఫ్. అనే అణువును గుర్తించి, దానిని అడ్డుకునే జీవ ఔషధాలకు దారి వేశారు. అవి శక్తిమంతమైనవి, ఖరీదైనవి. చాలామంది రోగుల్లో అవి మెథోట్రెక్సేట్ తోడుంటేనే బాగా పనిచేస్తాయి. టి.ఎన్.ఎఫ్.ను ఆపితే నిద్రాణంగా ఉన్న క్షయ లేచే ప్రమాదం ఉందని 2001లో తెలిసింది. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఆ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. వాపును నడిపే అణువే క్షయ క్రిమి లేవకుండా కాపలా కాస్తోంది. వివేకం తప్పిన బలాన్ని అణచేటప్పుడు అవసరమైన బలం కూడా కొంత పోతుందని దీనివల్ల తెలుస్తుంది.

వయసు మీదపడే రక్షణ

రోగనిరోధకతకు కూడా ముసలితనం ఉంది. టి-కణాలకు తన పర భేదం నేర్పే బడి రొమ్ముటెముక వెనక ఉన్న థైమస్ గ్రంథి. బాల్యంలోనే అది కుంచించుకుపోవడం మొదలై, నడివయసుకు చాలామటుకు కొవ్వుగా మారుతుంది. కొత్త విద్యార్థులు రావడం తగ్గాక పాత కణాలే విభజన చెంది సంఖ్యను నింపుతాయి. వాటి క్రోమోసోముల కొసల్లోని టెలోమియర్లు కరిగిపోతాయి. అందుకే పెద్దవయసులో టీకాలకు స్పందన తగ్గుతుంది. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరాల్లోంచి లేచి సర్పిగా బయటపడుతుంది. అదే సమయంలో సొంత కణజాలం మీద ప్రతిరక్షకాలు పెరుగుతాయి. రక్షణ తగ్గడమూ, రక్షణ దారి తప్పడమూ ఒకే వార్ధక్యానికి రెండు ముఖాలు.

1969లో రాయ్ వాల్‌ఫోర్డ్ వార్ధక్యానికే రోగనిరోధక సిద్ధాంతం ప్రతిపాదించాడు. 2000లో ఇటలీ శాస్త్రజ్ఞుడు క్లాడియో ఫ్రాన్సెస్కీ, వయసుతో పాటు దేహంలో సన్నగా, నిరంతరంగా రగిలే వాపుకు ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టాడు. యోర్గ్ గొరోంజీ, కార్నేలియా వెయండ్ కీళ్లవాత రోగుల టి-కణాలను పరిశీలించి, వారి అసలు వయసుకన్నా ఏళ్ల తరబడి ముందుగా అవి ముదిరిపోయినట్టు చూపారు. నలభై ఏళ్ల నేతగత్తె రక్తంలో అంతకన్నా పెద్దవయసు కణాలు తిరుగుతుంటాయన్నమాట. కీళ్లవాతం ఉన్నవారిలో గుండెజబ్బు ముప్పు మామూలువారికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ కావడానికి ఈ నిరంతర వాపు ఒక కారణం. కాబట్టి కీళ్లవాతానికి సరైన వైద్యం వేళ్లను కాపాడటంతో ఆగదు, ఆయుష్షుకూ సంబంధించినది.

అలా అని మెథోట్రెక్సేట్‌ను యవ్వనం నిలిపే మందుగా భావించడం తప్పు. కీళ్లవాతం లేని గుండెజబ్బు రోగులు 4,786 మందిపై జరిగి 2019లో ప్రచురితమైన ప్రయోగంలో, తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ గుండెపోట్లను తగ్గించలేదు. 2017లో ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే వేరొక మందు కొంత తగ్గించింది. వాపులన్నీ ఒకటి కావు. ఒక చోట పనిచేసిన మందు మరొక చోట పనిచేయాలన్న నియమం లేదు. కణ రసాయనం ఒకటే అయినా ఏ కణం, ఏ చోటు, ఏ వయసు అన్నది ప్రతిసారీ పరీక్షించి తేల్చుకోవాలి. సుబ్బారావు పని పద్ధతి కూడా అదే: ముందు కొలత, తరువాత మాట.

ఈ నేల మీద ఆ పరిశోధన

కడప జిల్లాలో ఆధునిక వైద్యానికి పొడవైన చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ జమ్మలమడుగులో నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఎన్నో తరాలకు సేవ చేసింది. తరువాతి కాలంలో ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి అక్కడ వైద్యాధికారిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆస్పత్రి ప్రారంభించారు. 2006లో కడపలో రిమ్స్ వైద్య కళాశాల వచ్చింది. అయినా కీళ్లవాతం ముదిరిన రోగి తిరుపతి స్విమ్స్‌కో, రాయవేలూరు ఆస్పత్రికో, హైదరాబాదు నిమ్స్‌కో బయలుదేరడం ఇప్పటికీ చూస్తాం. ఆ ప్రయాణం మొదలయ్యేసరికే చాలామంది వేళ్లు వంకరపోయి ఉంటాయి. వ్యాధి మొదలైన తొలి నెలల్లోనే మందు పడితే ఎముక కొరుకుడును చాలావరకు ఆపవచ్చు. పొద్దున గంటసేపు బిగుసుకుపోయే వేళ్లు ఆరు వారాలకు పైగా ఉంటే దానిని వాతమని వదిలేయకుండా పరీక్ష చేయించాలన్న ఒక్క మాట ప్రతి ఊరికీ చేరితే, పెద్ద ఆస్పత్రి చేయలేనిది జరుగుతుంది.

ఆలస్యానికి రెండో కారణం తాత్కాలిక ఉపశమనం. పేరు లేని పొట్లాల్లో, వారం వారం వేయించుకునే సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే నొప్పి ఒక్క రోజులో మాయమవుతుంది. కీలు లోపల ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. నొప్పి తగ్గడం వేరు, వ్యాధి తగ్గడం వేరు. కార్టిజోన్ తొలి దశాబ్దం నేర్పిన ఈ పాఠాన్ని ప్రతి పల్లె కొత్తగా, తన ఒంటి మీద నేర్చుకోవలసిన అవసరం లేదు.

మెథోట్రెక్సేట్‌కు కూడా నియమాలున్నాయి. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూయడంతో మొదలై, మూలుగలో రక్తకణాల తయారీ ఆగి ప్రాణం పోవచ్చు. అందుకే వారంలో ఏ రోజో చీటీ మీద తెలుగులో రాసి, రోగి చేత చెప్పించుకోవాలి. క్రమం తప్పకుండా రక్తపరీక్ష, కాలేయ పరీక్ష జరగాలి. సారా, బ్రాందీ మానాలి. గర్భం దాల్చదలచిన స్త్రీ వైద్యుడిని అడిగి ముందే మందు ఆపాలి. కడుపులో బిడ్డకు అది హాని చేస్తుంది.

ఈ మందుతో పాటు వైద్యుడు చీటీ మీద ఇంకొక మాత్ర రాస్తాడు. మెథోట్రెక్సేట్ వేసుకోని రోజున వేసుకోవలసిన ఆ మాత్ర ఫోలిక్ ఆమ్లం. దారి తప్పిన కణాలను అదుపు చేసే మందు ఒకటి. ఆ అదుపులో నలిగే మంచి కణాలకు అన్నం పెట్టే మందు రెండోది. రెండూ ఒకే ప్రయోగశాల నుంచి, ఒకే మనిషి నాయకత్వంలో, కొన్నేళ్ల తేడాతో వచ్చాయి. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఒక రోగి చేతిలోని చీటీ మీద ఆ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన ఈనాటికీ పనిచేస్తున్న చోటు అదే.